కంప్యూటరు వేడిమి – కూలర్లను పరీక్షించు పద్ధతి

కంప్యూటరు ఈనాడు కళాశాల విద్యలో ఒక భాగమై పోయినది. విజ్ఞాన శాస్త్ర విద్యార్థులకే కాక వాణిజ్య శాస్త్ర విద్యార్థులకు, భాషా సాహిత్యాలు చదివేవారికి సైతం దాని అవసరం కలుగుతున్నది. పలు ప్రవేశ పరీక్షలు కంప్యూటరు ముందు కూర్చుండియే వ్రాయవలసి వస్తున్నది. ఇట్టి పరిస్థితిలో యంత్రం నడి వేసవిలో మందగించినా, అర్ధాంతరంగా ఆగిపోయినా నష్టపోయేది విద్యార్థియే. ఇంట కంప్యూటరు లేని విద్యార్థికి కళాశాల ప్రయోగశాల ఒక్కటే ఆధారం. అతనికి దొరికే గంట కాలంలో పావు గంట యంత్రం మూలంగా వృథా అయినచో ఆ నష్టాన్ని మరల పూరించుట కష్టం.

యంత్రం మందగించుటకు కారణాలు అనేకం ఉన్నవి. వాటిలో వేడిమి ఒకటి. ఈ వేడిమిని తొలగించుటకు ప్రాసెసరు మీద అమర్చే ఫ్యానుతో కూడిన లోహపు సాధనాన్నే కూలరు అంటున్నారు. అంగడిలో ఇవి రకరకాల ధరలలో లభిస్తున్నవి. ప్రతి పెట్టె మీదను తమ కూలరే మిన్న అనే ప్రకటన ఉంటుంది. వీటిలో ఏది మేలైనదో, అసలు మనకు క్రొత్తది అవసరమో కాదో ప్రకటనను బట్టి గాక పరీక్షను బట్టి నిర్ణయించుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పుటయే ఈ వ్యాసం ఉద్దేశం. భౌతిక శాస్త్రం చదవనివారికి సైతం అర్థమయ్యే రీతిలో వివరించుటకు ప్రయత్నిస్తాము.

పేరు ఒకటి – పని వేరు

మొదట ఒక భ్రమను తొలగించుకొనవలెను. ఎయిర్ కూలరు అనగానే మనకు వేసవిలో కిటికీ దగ్గర పెట్టుకొనే నీటి కూలరు గుర్తుకు వస్తుంది. తడిసిన గడ్డి గుండా గాలి పోయినప్పుడు నీరు ఆవిరి అవుతుంది. ఆవిరి అగుటకు కావలసిన వేడిని గాలి నుండియే గ్రహిస్తుంది. అందుచేత గాలి చల్లబడుతుంది. మట్టి కూజాలో నీరు చల్లబడేది, వట్టివేళ్ళ తడికలపై నీళ్ళు చల్లినప్పుడు గది చల్లబడేది ఈ సూత్రం వలననే. హైదరాబాదు, కర్నూలు వంటి పొడి వాతావరణం గల ఊళ్ళలో ఈ కూలరు వేసవిలో ఎంతో ఉపకరిస్తుంది. విశాఖపట్నంలో సముద్రపు గాలి స్వయంగా తేమతో నిండి ఉంటుంది. తేమ నిండిన గాలిలో నీరు త్వరగా ఆవిరి కాదు. కావున ఇక్కడ ఆ కూలరు చల్లదనం కన్న ఉక్కనే ఎక్కువ చేస్తుంది.

ప్రాసెసరు మీది కూలరు పని వేరు. అది గాలిలోనికి నీటిని వదలదు, గాలిని చల్లబరచదు. ప్రాసెసరులో పుట్టిన వేడిని తీసికొని గదిలోని గాలికి అప్పగిస్తుంది. అంతే. కావున అది ఎంత ఖరీదైనదైనను ప్రాసెసరును గది ఉష్ణోగ్రత కన్న తక్కువకు తేలేదు. విసనకర్రతో విసిరినప్పుడు మనకు హాయిగా ఉండుటకు కారణం మన ఒంటి మీది చెమట ఆవిరి అగుట. అదే విసనకర్రతో థర్మామీటరుకు విసిరి చూడండి. అందులోని పాదరసం ఒక్క గీత కూడ దిగదు. ఈ ఒక్క విషయం మనసులో నిలుపుకొన్నచో కూలర్ల పరీక్షలో సగం తెలిసినట్లే.

వేడి పుట్టుక

విద్యుత్తు వాహకం గుండా ప్రవహించినప్పుడు వేడి పుట్టునని 19వ శతాబ్దిలో జౌల్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కొలిచి నిరూపించినాడు. ప్రాసెసరులో ట్రాన్సిస్టర్లు క్షణానికి కోట్లాది పర్యాయాలు తెరుచుకొని మూసుకొంటూ ఉంటవి. అవి గ్రహించే విద్యుచ్ఛక్తి అంతయు దాదాపు వేడిగానే మారుతుంది. 1971లో ఇంటెల్ సంస్థ వెలువరించిన 4004 అనే తొలి ప్రాసెసరులో 2,300 ట్రాన్సిస్టర్లు మాత్రమే ఉండెను. దానికి కూలరుతో పని లేకపోయెను. 1993లో పెంటియం వచ్చునప్పటికి ప్రాసెసరుకు ఫ్యాను సాధారణమైనది.

ట్రాన్సిస్టరు చిన్నదైన కొలది దానికి కావలసిన శక్తియు తగ్గునని 1974లో డెన్నార్డ్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఒక నియమం చెప్పిరి. చాల కాలం ఆ నియమం చెల్లినది. కాని ట్రాన్సిస్టర్లు మిక్కిలి సూక్ష్మమైన తరువాత, మూసి ఉన్నప్పుడు సైతం వాటి గుండా విద్యుత్తు కారిపోవుట ఎక్కువైనది. 2004లో ఇంటెల్ సంస్థ 4 గిగాహెర్ట్‌జ్ పెంటియం 4ను విడుదల చేసే ఆలోచనను విరమించుకొన్నది. అందుకు వేడిమి ఒక ముఖ్య కారణం. వేగాన్ని పెంచుటకు బదులు ఒకే ప్రాసెసరులో అనేక కోర్లను అమర్చే మార్గాన్ని పరిశ్రమ అనుసరించినది.

నేటి ప్రాసెసర్ల వేడి ఒక్క తీరుగా లేదు. కార్యాలయపు పనులకు సరిపోయే కోర్ ఐ3-12100 అనే ప్రాసెసరుకు సంస్థ చెప్పిన మూల శక్తి 60 వాట్లు, గరిష్ఠ శక్తి 89 వాట్లు. అదే సంస్థ తయారుచేసిన కోర్ ఐ9-13900కె అనే దానికి ఈ సంఖ్యలు 125, 253 వాట్లు. రెండింటికీ ఒకే కూలరు చాలునా? చాలదు. మొదటి దానికి రెండవ దాని కూలరు కొనుట అవసరమా? అదియు కాదు. పిల్లవానికి పెద్దవాని చెప్పులు కొన్నట్లే అవుతుంది.

వేడి పయనం

ప్రాసెసరులో వేడి పుట్టే స్థలం చాల చిన్నది. ఎ.ఎం.డి. సంస్థ రైజెన్ 7000 శ్రేణిలో గణనం చేసే సిలికాన్ ముక్క వైశాల్యం సుమారు 70 చదరపు మిల్లీమీటర్లు, అనగా చేతి వ్రేలి గోరు కన్న చిన్నది. అంత చిన్న చోటు నుండి వేడి ఎన్నో మెట్లు దాటి గాలిలో కలియవలెను.

మొదటి మెట్టు థర్మల్ పేస్టు. ప్రాసెసరు మూతయు, కూలరు అడుగు భాగమును కంటికి నున్నగా కనిపించినను సూక్ష్మంగా చూచినచో ఎగుడుదిగుడులే. ఆ సందులలో గాలి నిలిచిపోతుంది. గాలి వేడిని మోయుటలో మిక్కిలి బద్ధకస్తురాలు. రాగి ఉష్ణవాహకత సుమారు 400 అనుకొన్నచో, అదే కొలతలో అల్యూమినియంది 200 పైచిలుకు, గాలిది 0.026 మాత్రమే. ఆ సందులలోని గాలిని తరిమి వేయుటకే పేస్టు పూస్తారు. పేస్టు రాగికి సాటి రాదు గాని గాలి కన్న ఎన్నో వందల రెట్లు మేలు. కావున సందులు నిండునంత పూయవలెను గాని ముద్దగా పెట్టరాదు. సున్నం ఎక్కువైన తాంబూలం వలె, ఎక్కువైన పేస్టు మేలు చేయదు.

రెండవ మెట్టు ఉష్ణ నాళిక. దీనినే హీట్ పైపు అంటున్నారు. ఇది రెండు వైపులా మూసిన రాగి గొట్టం. దాని లోపలి గాలిని తీసివేసి కొద్దిపాటి నీరు ఉంచుతారు. లోపలి గోడకు వత్తి వంటి పొర ఉంటుంది. ప్రాసెసరు వైపున నీరు వేడిని గ్రహించి ఆవిరి అవుతుంది. ఆవిరి రెండవ కొనకు పోయి అక్కడ వేడిని వదలి మరల నీరవుతుంది. ఆ నీరు వత్తి గుండా వెనుకకు వస్తుంది. ఒక గ్రాము నీరు ఆవిరి అగుటకు సుమారు 2,400 జౌల్‌ల శక్తి కావలెను. కావున 100 వాట్ల వేడిని మోయుటకు క్షణానికి ఒక గ్రాములో సుమారు 24వ వంతు నీరు ఆవిరి అయినను చాలును. ఈ ఊహకు 1944లో గాగ్లర్ అనే అమెరికా దేశీయునికి పేటెంటు లభించినది. 1963లో లాస్ ఆలమోస్ ప్రయోగశాలలో గ్రోవర్ దానిని స్వతంత్రంగా మరల సాధించి ప్రచారంలోనికి తెచ్చినాడు. ఇందులో ఒక వింత గమనింపదగినది. గది కూలరులో విశాఖ తేమ వలన విఫలమయ్యే అదే నీటి సూత్రం ఇక్కడ సఫలమవుతున్నది. కారణం, ఈ నీరు గొట్టంలో బందీ. బయటి తేమతో దానికి సంబంధం లేదు.

మూడవ మెట్టు రేకులు. గాలికి తగిలే వైశాల్యాన్ని పెంచుటకు పలుచని అల్యూమినియం రేకులను దొంతరగా పేర్చుతారు. నాల్గవ మెట్టు ఫ్యాను. 100 వాట్ల వేడిని మోసికొని పోయే గాలి 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కవలెనన్నచో క్షణానికి సుమారు 9 లీటర్ల గాలి రేకుల గుండా సాగవలెను. ఆ గాలి పెట్టె నుండి బయటికి పోవుటకు దారి లేనిచో, ఒకసారి వేడెక్కిన గాలియే మరల మరల రేకులలో దూరుతుంది.

ఇట్టి ఉష్ణ ప్రయాణం మన పట్టణానికి క్రొత్త కాదు. విశాఖ ఉక్కు కర్మాగారంలో కొలిమి నుండి వెలువడే ఎర్రని కోకును నీళ్ళు చల్లి ఆర్పుటకు బదులు నైట్రోజన్ వాయువుతో చల్లార్చే పద్ధతి ఉన్నది. కోకు నుండి వాయువుకు, వాయువు నుండి బాయిలరులోని నీటికి వేడి చేరి ఆవిరి తయారై, ఆ ఆవిరితో విద్యుదుత్పత్తి జరుగుతుంది. పరవాడ దగ్గరి సింహాద్రి విద్యుత్ కేంద్రం సముద్రపు నీటిని శీతలీకరణకు వాడుకొంటున్నది. అంతటి కర్మాగారంలోను, మన బల్ల మీది చిన్న పెట్టెలోను ప్రశ్న ఒక్కటే: పుట్టిన వేడిని ఎవరికి అప్పగించవలెను, ఎంత త్వరగా అప్పగించవలెను?

కొలమానం

ఇప్పుడు కొలత విషయం. కూలరు మంచి చెడ్డలను ఒకే సంఖ్యలో చెప్పవచ్చును. దానిని ఉష్ణ నిరోధం అంటారు. ప్రాసెసరు ఉష్ణోగ్రత నుండి కూలరులోనికి పోయే గాలి ఉష్ణోగ్రతను తీసివేసి, ఆ వ్యత్యాసాన్ని ప్రాసెసరు వాడుకొనే వాట్లతో భాగింపవలెను. వచ్చిన సంఖ్య ఎంత తక్కువైన కూలరు అంత మేలైనది.

ఒక ఉదాహరణ తీసికొందము. మొదటి కూలరును ఏ.సి. గదిలో పరీక్షించిరనుకొందము. గది 22 డిగ్రీలు, ప్రాసెసరు 72 డిగ్రీలు, శక్తి 100 వాట్లు. రెండవ కూలరును ఏ.సి. లేని గదిలో పరీక్షించిరి. గది 34 డిగ్రీలు, ప్రాసెసరు 80 డిగ్రీలు, శక్తి అదే 100 వాట్లు. పైకి చూచినచో 72 డిగ్రీలు చూపిన మొదటిదే గెలిచినట్లు తోస్తుంది. లెక్క వేయండి. మొదటి దాని వ్యత్యాసం 50 డిగ్రీలు, నిరోధం 0.50. రెండవ దాని వ్యత్యాసం 46 డిగ్రీలు, నిరోధం 0.46. మేలైనది రెండవదే. ఈ రెండింటిని 36 డిగ్రీల గదిలో ఉంచినచో మొదటిది సుమారు 86, రెండవది సుమారు 82 డిగ్రీలు చూపవలెను. చలి దేశాలలో 20 డిగ్రీల గదులలో చేసిన పరీక్షల ఫలితాలను చదివి, ఆ అంకెలే మన గదిలోను వచ్చునని ఆశించువారు ఇందుచేతనే నిరాశ చెందుతున్నారు. గది ఎన్ని డిగ్రీలు పెరిగినదో ప్రాసెసరు సైతం ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. వేడెక్కిన ప్రాసెసరులో విద్యుత్తు కారిపోవుట హెచ్చును గనుక, కొంత అధికంగానే పెరుగుతుందని కూడ గుర్తుంచుకొనవలెను.

పరీక్షా విధానం

పరీక్ష అనగా పోలికయే. రెండు వస్తువులను పోల్చునప్పుడు అవి తప్ప తక్కినవన్నీ ఒకే తీరున ఉండవలెను. ఈ సూత్రాన్ని అనుసరించి మన ప్రయోగశాలలో విద్యార్థులే చేయదగిన పద్ధతి ఇట్లున్నది.

ఒకటి: ఒకే యంత్రం, ఒకే ప్రాసెసరు, ఒకే పేస్టు వాడవలెను. కూలరు మాత్రమే మారవలెను.

రెండు: ప్రాసెసరు వాడే శక్తిని ఒక సంఖ్య వద్ద కట్టివేయవలెను. మదర్‌బోర్డు అమరికలలో ఇందుకు వీలుంటుంది. ఇది చేయనిచో నేటి ప్రాసెసర్లు చల్లగా ఉన్నంతసేపు వేగం పెంచుకొంటూ పోయి ఎక్కువ శక్తిని గ్రహిస్తవి. అప్పుడు మనం కొలిచేది కూలరును కాదు.

మూడు: థర్మామీటరును గోడకు గాక, ఫ్యాను గాలి పీల్చే చోటికి దగ్గరగా ఉంచవలెను. లెక్కకు వచ్చేది ఆ గాలి ఉష్ణోగ్రతయే.

నాలుగు: ప్రాసెసరుకు నిలకడగా పని చెప్పవలెను. ప్రైమ్95 అనే ప్రోగ్రాము ఇందుకు ప్రసిద్ధి కెక్కినది. మెర్సెన్ ప్రధాన సంఖ్యల అన్వేషణకై 1996లో ఆరంభమైన ఒక సమష్టి కృషిలో భాగంగా అది పుట్టినది. గణిత విద్యార్థులకు ఇది ఆసక్తి కలిగించే విషయం. ప్రధాన సంఖ్యలను వెదకుట ప్రాసెసరుకు అంత శ్రమతో కూడిన పని.

ఐదు: వెంటనే అంకె వ్రాసికొనరాదు. లోహం వేడెక్కుటకు కాలం పడుతుంది. 20 నుండి 30 నిమిషాలు ఆగి, ఉష్ణోగ్రత ఇక పెరుగుట లేదని నిశ్చయించుకొన్న తరువాత చివరి కొన్ని నిమిషాల సగటును వ్రాయవలెను. తొలి ఐదు నిమిషాల అంకెతో తీర్పు చెప్పినచో బరువైన కూలరుకు లేని గొప్ప దక్కుతుంది.

ఆరు: కూలరును విప్పి, పాత పేస్టు తుడిచి, క్రొత్తది పూసి, మరల బిగించి కనీసం మూడు పర్యాయాలు కొలవవలెను. బిగింపులోను, పేస్టు పరచుకొనుటలోను తేడా వలన ఒకే కూలరు రెండు డిగ్రీలు అటునిటు చూపవచ్చును. మూడు కొలతలే వాటిలో వాటికి రెండు డిగ్రీలు తేడాగా ఉన్నప్పుడు, ఒక డిగ్రీ తేడాతో ఒక కూలరు మరొక దాని కన్న మేలని చెప్పుట న్యాయం కాదు. రెండును సమానమేనని వ్రాయవలెను.

ఏడు: యంత్రం పెట్టె మూసి ఒకసారి, తెరచి ఒకసారి కొలవవలెను. ఈ రెండింటికి మధ్య తేడా ఎక్కువగా ఉన్నచో లోపం కూలరుది కాదు, పెట్టెలో గాలి రాకపోకలది.

పరీక్షలో పొరబడే చోట్లు

వేడి హద్దు మీరినచో ప్రాసెసరు తనను తాను కాపాడుకొనుటకు వేగాన్ని తగ్గించుకొంటుంది. చాల ఇంటెల్ ప్రాసెసర్లకు ఈ హద్దు 100 డిగ్రీలు. రైజెన్ 7000 శ్రేణిలో పెక్కింటికి 95 డిగ్రీలు. శక్తిని కట్టివేయకుండ పరీక్షించినప్పుడు చౌక కూలరు, ఖరీదైన కూలరు రెండును 95 డిగ్రీలే చూపవచ్చును. అంతమాత్రాన రెండును సమానమని అనుకొనరాదు. అప్పుడు చూడవలసినది ఉష్ణోగ్రత కాదు, వేగం. ఒకటి ఆ వేడిలోనే ఎక్కువ పని చేయిస్తూ ఉండవచ్చును. విద్యార్థికి యంత్రం మందగించినట్లు తోచేది సరిగా ఈ ఘట్టంలోనే. యంత్రం ఆగిపోదు, పొగ రాదు. నెమ్మదిస్తుంది. కారణం తెలియక యంత్రం పాతబడినదని భావించి క్రొత్తది కొనుటకు సిద్ధపడుతారు.

రెండవది ధ్వని. ఫ్యాను వేగం పెంచి ఏ కూలరునైనను మెరుగు చేసి చూపవచ్చును. కాని గాలి వేగంతో సమంగా పెరిగితే, ఫ్యాను కోరే శక్తి వేగం యొక్క ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైనచో గాలి రెట్టింపు, శక్తి ఎనిమిది రెట్లు, ధ్వని సుమారు 15 డెసిబెళ్ళు అధికం. 30 యంత్రాలున్న గదిలో ఈ రొద మధ్య పాఠం చెప్పవలసినవారి అవస్థ ఊహించవచ్చును. కావున కూలర్లను గరిష్ఠ వేగంలోనే కాక, ఒకే ధ్వని వద్ద నిలిపి కూడ పోల్చవలెను. పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగి చేసే పనిని చిన్న ఫ్యాను అరచి చేస్తుంది.

మూడవది నకిలీ వేడి. కొందరు ప్రాసెసరుకు బదులు విద్యుత్తుతో వేడెక్కే రాగి దిమ్మెను వాడి కూలర్లను కొలుస్తారు. ఇందులో వాట్లు కచ్చితంగా తెలియుట ఒక లాభం. కాని దిమ్మె అంతటా వేడి సమంగా పరచుకొంటుంది. నిజమైన ప్రాసెసరులో వేడి గోరంత చోట గుమిగూడి ఉంటుంది. దిమ్మె మీద గెలిచినది ప్రాసెసరు మీద అంతటి తేడాతో గెలువకపోవచ్చును.

విశాఖ గాలి

ఇంతవరకు చెప్పినది ఏ ఊరికైనను వర్తిస్తుంది. మన ఊరికి ప్రత్యేకమైనవి రెండు ఉన్నవి: ఉప్పు, ధూళి.

సముద్రపు గాలిలోని లవణం కిటికీ ఊచలను ఏమి చేయునో ఇక్కడివారికి చెప్పనక్కర లేదు. అల్యూమినియం మీద సహజంగా ఏర్పడే పలుచని ఆక్సైడు పొర దానిని కాపాడుతుంది. కాని ఉప్పులోని క్లోరైడు ఆ పొరను అక్కడక్కడ ఛేదించి గుంటలు పడునట్లు చేస్తుంది. రాగియు, అల్యూమినియమును తగిలి ఉన్న చోట ఉప్పు తేమ చేరినచో రెండు లోహాల మధ్య చిన్న విద్యుత్ ఘటం ఏర్పడి అల్యూమినియం త్వరగా తినివేయబడుతుంది. రాగి గొట్టం, అల్యూమినియం రేకు కలిసే కీలులో ఇట్లు జరిగినచో వేడి దాటుట కష్టమవుతుంది. కావున మన ఊరిలో కూలరు కొనేవారు రాగి భాగాలకు నికెల్ పూత ఉన్నదా అని విచారించుట మంచిది.

ఇక ధూళి. 1933లో ప్రారంభమైన మన ఓడరేవు ఇనుప ఖనిజానికి, బొగ్గుకు ప్రసిద్ధి. ఆ నల్లని ధూళి పాత పట్టణపు ఇండ్లలో తెల్లని గోడల మీద, ఆరవేసిన బట్టల మీద వ్రాలుట అక్కడి కుటుంబాలకు చిరపరిచితం. అదే ధూళి తేమతో కలిసి రేకుల మధ్య నమదా వలె గడ్డ కడుతుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం సాగదు. క్రొత్తగా ఉన్నప్పుడు చేసిన పరీక్షలో ఈ విషయం తెలియదు. కావున ఇక్కడ చేసే పరీక్షకు ఒక అనుబంధం ఉండవలెను: కొన్న నాడు ఒకసారి, ఆరు నెలలు వాడిన తరువాత తుడవక ముందు ఒకసారి, తుడిచిన తరువాత మరొకసారి కొలవవలెను. రేకులు దగ్గర దగ్గరగా ఉన్న కూలరు మొదటి కొలతలో గెలిచి, రెండవ కొలతలో ఓడిపోవచ్చును.

కళాశాలకు పనికివచ్చు నిర్ణయం

ఇప్పుడు కళాశాల సంఘం వారి ఎదుట ఉండే ప్రశ్నకు వస్తాము. ప్రయోగశాలలో యంత్రాలు వేసవిలో మందగిస్తున్నవి. పెద్ద కూలర్లు కొనవలెనా, ఏ.సి. పెట్టించవలెనా, యంత్రాలనే మార్చవలెనా? ప్రతి రూపాయి విద్యార్థుల రుసుము నుండియు, దాతల ఔదార్యం నుండియు వచ్చినదే గనుక ఊహతో నిర్ణయించుట తగదు.

ఒక లెక్క చూడండి. 60 వాట్లు వాడే ప్రాసెసరు మీద, దానితో పాటు పెట్టెలో వచ్చిన చిన్న కూలరు ఉన్నదనుకొందము. దాని నిరోధం 0.6 అనుకొందము. 35 డిగ్రీల గదిలో ప్రాసెసరు 35కు 36 కలిపి 71 డిగ్రీల వద్ద నిలుస్తుంది. ఇది క్షేమమే. ధూళి చేరి, పేస్టు ఎండి నిరోధం 1.0 అయినచో అదే గదిలో 95 డిగ్రీలకు చేరుతుంది. ఇది ప్రమాదపు అంచు. ఇప్పుడు గదికి ఏ.సి. పెట్టి 25 డిగ్రీలకు తెచ్చినచో 85 డిగ్రీలు. ఏ.సి. పెట్టకుండ రేకులు దులిపి, క్రొత్త పేస్టు పూసినచో మరల 71 డిగ్రీలు. కుంచె, పేస్టు గొట్టం చేసిన మేలు ఏ.సి. చేసిన దాని కన్న ఎక్కువైనది. ఈ అంకెలు ఉదాహరణకై తీసికొన్నవే. కాని తమ యంత్రాల అసలు అంకెలను ఒక మధ్యాహ్నం కూర్చుండి ఎవరైనను తెలుసుకొనవచ్చును.

మరొక సంగతి. కూలరు గదిని చల్లబరచదని మొదటనే చెప్పితిమి. 30 యంత్రాలు ఒక్కొక్కటి 100 వాట్లు వాడినచో 3,000 వాట్ల వేడి గదిలోనే చేరుతుంది. ఊరక కూర్చున్న మనిషి శరీరం నుండి సైతం సుమారు 100 వాట్ల వేడి వెలువడుతుంది. 30 మంది విద్యార్థులకు మరొక 3,000 వాట్లు. ఒక టన్ను ఏ.సి. తొలగించగలది సుమారు 3,500 వాట్లు. అనగా ఎండను, గోడలను లెక్కించకుండనే గదికి దాదాపు రెండు టన్నుల ఏ.సి. కావలెను. అది పెట్టించలేని చోట ఎదురెదురు కిటికీలు తెరచి, పై భాగాన గాలిని బయటికి నెట్టే ఫ్యాను అమర్చుట తప్పనిసరి. ఇది యంత్రాల కొరకే కాదు, ఉక్కలో చెమటోడ్చుచు కూర్చున్న పిల్లల కొరకు కూడ.

కావున వరుస ఇది: మొదట కొలవవలెను. పిదప శుభ్రం చేయవలెను. అటుపై పేస్టు మార్చవలెను. తరువాత పెట్టెకును, గదికిని గాలి దారి చూడవలెను. అప్పటికిని నిరోధం ఎక్కువగా ఉన్న యంత్రాలకే క్రొత్త కూలరు కొనవలెను. శుభ్రం చేయునప్పుడు విద్యుత్ తీగ తీసివేయుట, గాలి ఊదునప్పుడు ఫ్యాను రెక్కలను వ్రేలితో పట్టి ఉంచుట, తడిబట్ట వాడకుండుట మరువరాదు.

తక్కెడ ధర్మం

కొలతలో న్యాయం పాటించుట మనకు క్రొత్త పాఠం కాదు. తూనికలో కొరత చేయరాదని పవిత్ర ఖురాను బోధిస్తున్నది. సకల మతాలును అదే చెప్పుచున్నవి. మర్వ్ నగరవాసియైన అల్ ఖాజినీ 1121లో రచించిన ‘మీజాన్ అల్ హిక్మా’, అనగా వివేకపు తక్కెడ, తూనికలను గురించిన గొప్ప శాస్త్ర గ్రంథం. నీటి ఉష్ణోగ్రత మారినచో దాని సాంద్రత మారునని, తూనికలో ఆ తేడా చూపట్టునని ఆయన ఆనాడే గుర్తించినాడు. తొమ్మిది వందల సంవత్సరాల క్రితం తక్కెడతో తూచినవాడు నీటి వేడిని లెక్కలోనికి తీసికొన్నాడు. నేడు ప్రాసెసరును కొలిచే మనం గది వేడిని విడిచి పెట్టుట తగునా?

ఖరీదైన పరికరాలు లేకపోయినను ఈ పరీక్ష సాధ్యమే. ఒక థర్మామీటరు, ఒక గడియారం, ఒక నోటు పుస్తకం, ఓపిక చాలును. భౌతిక శాస్త్ర విద్యార్థులు కొలతలు తీసికొనవచ్చును. గణిత విద్యార్థులు సగటులు కట్టవచ్చును. వాణిజ్య విద్యార్థులు ఖర్చును లెక్కించవచ్చును. ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఆ ఫలితాలను రెండు భాషలలోను అందరికీ అర్థమగునట్లు వ్రాసి సంఘం వారి ముందు ఉంచవచ్చును. అట్లు చేసిననాడు ప్రయోగశాలలోని ప్రతి యంత్రం పక్కన దాని నిరోధం వ్రాసిన ఒక చీటీ ఉంటుంది. ఆ అంకె పెరిగిననాడు కుంచె పట్టుటకు ఎవరి సలహా కొరకును ఎదురు చూడనక్కర ఉండదు.